గిటార్ మెడకి మూడు బై పదహారు

పోస్టు కొంచెం పెద్దది, మెస్ క్యూలో నిలబడినప్పుడు చదువుకోండి.

ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవం రోజు మా హాస్టల్ టీం ధింసాకి గిటార్ కలిపి వాయించిన వీడియో చూసి చాలామంది మెసేజ్‌లు పెట్టారు. బాగుందన్నవాళ్ళకి థాంక్స్. బాలేదన్నవాళ్ళకి కూడా. కానీ దానికి ముందు ఇరవై రోజులు ఆ గిటార్ ఎందుకూ పనికిరాకుండా మా మంచం కింద పడి ఉందనీ, వేలెడంత ఇనప ముక్క కోసం మేం విశాఖలో తిరగని రోడ్డు లేదనీ ఎవరికీ తెలీదు. అది చెబుదామనే ఈ పోస్టు.

మేం నలుగురం, ఒకే రూమ్. ఒకరిది హుకుంపేట, ఒకరిది అనంతగిరి, ఇద్దరిది చింతపల్లి వైపు. ఇళ్ళల్లో కాఫీ, మిరియాలు, పసుపు. నాలుగు ఇళ్ళల్లోనూ కాలేజీ గుమ్మం తొక్కింది మేమే మొదలు. గిటార్ మా నలుగురిదే కాదు. ఇంజనీరింగ్ అయిపోయి వెళ్ళిపోతున్న ఒకన్న దగ్గర సెకండ్‌హ్యాండ్‌లో 4,500కి కొన్నాం. పదిహేను మంది, తలా 300. అందులో ఇద్దరు ఫస్టియర్ తమ్ముళ్ళు చేబదులు తెచ్చి మరీ ఇచ్చారు, స్కాలర్‌షిప్ పడితే తీర్చుకుంటామని. కాబట్టి అది పాడైతే పాడైపోయింది అని ఊరుకునే వస్తువు కాదు.

కొన్నరోజు బాగానే అనిపించింది. రూమ్‌కి తెచ్చి వాయిస్తే తీగలు మధ్యలో చాలా ఎత్తుగా ఉన్నాయి. నొక్కడానికి వేళ్ళు తెగిపోయేలా ఉన్నాయి. ఎంత శ్రుతి చేసినా, మెడ మధ్యలో నొక్కగానే స్వరం పైకి పోతోంది. మెడని తుపాకీ గురి చూసినట్టు ఒక కన్ను మూసి చూస్తే విల్లులా వంగి ఉంది. అమ్మిన అన్నకి ఫోన్ చేశాం. "రెండేళ్ళు తీగలు బిగించే గోడకి ఆనించి పెట్టాన్రా. దానికో కీ ఉండాలి, ఎక్కడో పోయింది" అన్నాడు. ఏ కీ, ఎంత సైజు అంటే తెలీదన్నాడు. గిటార్ తల మీద కంపెనీ పేరు కూడా గీకేసి ఉంది.

మాకు తెలిసిన వైద్యం మాకుంది కదా. వానాకాలంలో డప్పు మెత్తబడితే మంట దగ్గర పెడతాం, తోలు బిగుస్తుంది, మళ్ళీ మోగుతుంది. ఊళ్ళో మోరి ఊదే తాతకి ఫోన్ చేసి ఇలా వంగిపోయింది తాతా అంటే, "వానకి వంగితే సెగ చూపించండిరా" అని నవ్వాడు. మేం నవ్వలేదు. తీసుకెళ్ళి మేడ మీద ఎండలో పెట్టాం. అరగంటకి ఒక సీనియర్ అన్న బట్టలు ఆరేయడానికొచ్చి చూసి తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేం. చెక్కని చెక్కకి అంటించిన జిగురు వేడికి మెత్తబడుతుందట, మెడే ఊడొస్తుందట. పరుగున తీసుకొచ్చి మళ్ళీ మంచం కింద పెట్టాం.

మెడలోపల ఒక ఉక్కు రాడ్డు ఉంటుందని ఆ అన్నే చెప్పాడు. ట్రస్ రాడ్ అంటారు. తర్వాత మేం కూర్చుని చదివి తెలుసుకున్నది ఇది. మామూలు ఎలక్ట్రిక్ గిటార్ తీగలు ఆరూ కలిపి మెడని దాదాపు 45 కిలోల బరువుతో ముందుకి లాగుతాయి. అంటే డిపోలో 50 కిలోల బియ్యం బస్తా ఉంటుంది చూడండి, దానికి కొంచెం తక్కువ. రాత్రీ పగలూ అంత బరువు లాగుతుంటే చెక్క వంగక ఏం చేస్తుంది? ఆ లాగుడుకి ఎదురు లాగడానికే లోపల రాడ్డు. గిబ్సన్ కంపెనీలో పనిచేసిన థాడియస్ మెక్‌హ్యూ అనే ఆయనకి దీని మీద 1923లో పేటెంట్ వచ్చింది. రాడ్డు చివర ఉన్న నట్టుని కుడివైపు తిప్పితే బిగిసి మెడ నిటారవుతుంది, ఎడమకి తిప్పితే వదులై తీగల వైపు వంగుతుంది. మా దానికి ఆ నట్టు తల దగ్గర, చిన్న ప్లాస్టిక్ మూత కింద ఉంది. మూత విప్పితే లోపల ఆరు మూలల గుంత కనిపించింది.

ఇక్కడే తప్పు చేశాం. ఆరు మూలల గుంత అంటే అలెన్ కీ అని తెలిసింది. పక్క రూమ్‌లో సైకిల్ ఉన్నవాడి దగ్గర సెట్ ఉంది: 3, 4, 5, 6 మిల్లీమీటర్లు. 5 పట్టలేదు. 4 దిగింది కానీ లోపల లొడలొడ ఆడుతోంది. సరే, కాగితం చుట్టి దూర్చి తిప్పాం. కొంచెం కదిలినట్టే కదిలి 'కిర్రు'మని జారింది. టార్చ్ వేసి చూస్తే గుంతలో ఒక మూల అరిగి మెరుస్తోంది.

ఎవరు తిప్పారని మమ్మల్ని చాలామంది అడిగారు. మేమే తిప్పాం. నలుగురి చేతులూ దాని మీదే ఉన్నాయి.

ఆ మూలలు ఆరూ అరిగిపోతే ఇక ఏ కీ పట్టదు. మెడ విప్పి పెద్ద రిపేర్ చేయించాలి, లేదా మెడే మార్చాలి. ఆ రాత్రి మాలో ఎవరికీ నిద్ర లేదు. పదిహేను మంది మొహాలు వరసగా కనిపించాయి, ముఖ్యంగా ఆ ఇద్దరు ఫస్టియర్ తమ్ముళ్ళవి.

మర్నాడు ఒక పెద్ద మ్యూజిక్ షాప్‌కి తీసుకెళ్ళాం. షాప్ పేరు అనవసరం. కౌంటర్ దగ్గరాయన గిటార్‌ని సంచీలోంచి పూర్తిగా తీయనివ్వకుండానే "మెడ పోయింది, దీని మీద డబ్బులు తగలేయకండి, కొత్తది చూపిస్తా" అన్నాడు. కీ మాత్రం ఇవ్వండి సార్, మేమే తిప్పుకుంటాం అంటే, "మీకెందుకమ్మా ఇవన్నీ, మీకు డప్పు ఉంది కదా" అన్నాడు. మేం ఎక్కడివాళ్ళమో అప్పటికి చెప్పలేదు కూడా. మాట వినగానే తెలిసిపోతుందేమో. డప్పు మాకు ఉంది, అందులో సిగ్గేం లేదు. గిటార్ కూడా ఉండకూడదా అని అక్కడ అడగలేదు, బస్సెక్కాక మాలో మేం అడుగుకున్నాం.

తర్వాత పూర్ణా మార్కెట్‌లో హార్డ్‌వేర్ కొట్లు తిరిగాం. "గిటార్ కీ ఉందా?" అని అడిగాం. మొదటి కొట్టాయన తాళంచెవులు చూపించాడు. రెండో ఆయన "గిటార్ షాపుకి ఎళ్ళండి" అన్నాడు. మూడో కొట్టులో పెద్దాయన తల కూడా ఎత్తకుండా లేదన్నాడు. ఈ మూడో కొట్టు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

చివరికి గాజువాక ఆటోనగర్‌లో ఒక లేత్ షెడ్డు. మా రూమ్‌మేట్ బంధువు ఒకాయన లారీ బాడీ పనికి అక్కడికి వెళ్తుంటాడు, ఆయన చెప్తే వెళ్ళాం. లేత్ మీదున్న ముసలాయన మిషన్ ఆపి, చేతులు తుడుచుకుని, గిటార్‌ని పసిపిల్లని తీసుకున్నట్టు రెండు చేతుల్తో తీసుకున్నాడు.

"ఏటి బాబూ ఇది, వీణా?"

"గిటార్ తాతా."

గుంతలోకి టార్చ్ కొట్టి చూసి, "ఎవులు కెలికేరు దీన్ని?" అన్నాడు. మేమే అన్నాం. ఇంకేం అడగలేదు. డ్రిల్ బిట్లు ఉన్న డబ్బా తెచ్చాడు. మేం భయపడ్డాం, ఎక్కడ డ్రిల్ వేసేస్తాడో అని. ఆయన బిట్టుని తిరగేసి, పళ్ళు లేని నున్నటి వెనక కొసని గుంతలోకి దించి చూస్తున్నాడు. నాలుగున్నర వదులు. ఐదు ఎక్కలేదు. మధ్యలో నాలుగూ ముప్పావుది తీసి పెడితే బెసక్కుండా, ఇరుక్కోకుండా దిగింది. గుండ్రటి బిట్టు ఎంత మందంలో సరిగ్గా దిగితే గుంతలో ఎదురెదురు గోడల మధ్య దూరం దాదాపు అంతే అని వివరంగా చెప్పాడు.

"మీ మిల్లీమీటర్ల సెట్లో ఇది దొరకదు. ఇది ఇంచీ లెక్క. మూడు బై పదహారు" అన్నాడు.

హాస్టల్‌కొచ్చి లెక్క వేశాం. అంగుళం 25.4 మిల్లీమీటర్లు. అందులో 3/16 అంటే 4.76. మేం దూర్చింది 4. ముప్పావు మిల్లీమీటర్ తేడా, దానికే మూల అరిగింది. గిటార్లన్నిటికీ ఒకే కీ అనుకోవడం కూడా తప్పేనట. అమెరికాలో చేసిన ఫెండర్లు చాలావాటికి 1/8 అంగుళం, దాంట్లో 3 మిల్లీమీటర్లది పెడితే మాకు జరిగిందే జరుగుతుంది. గిబ్సన్‌కి గుంతే ఉండదు, బయటికి పొడుచుకొచ్చిన నట్టు ఉంటుంది, దానికి 5/16 గొట్టం రెంచీ కావాలి. మిల్లీమీటర్ల కీ పట్టే గిటార్లూ బోలెడు. ముందు కొలవాలి, తర్వాతే కొనాలి.

లేత్ తాత డబ్బు తీసుకోలేదు. ఇంకో మాట చెప్పాడు: కీ చివర గుండు ఉన్నది కొనొద్దు, దానికి పట్టు తక్కువ, ఉన్న మూలలు కూడా తినేస్తుంది. చదరంగా కోసిన కొస ఉన్నదే అడగమన్నాడు.

మళ్ళీ పూర్ణా మార్కెట్. అదే మూడో కొట్టు. అదే పెద్దాయన. ఈసారి "ఎల్‌ఎన్ కీ, ఇంచీ సైజు, మూడు బై పదహారు, పొడుగుది" అన్నాం. ఆయన తల ఎత్తలేదు. వెనక్కి చెయ్యి చాచి ఒక డబ్బాలోంచి తీసి బల్ల మీద పడేశాడు. 40 రూపాయలు.

మొన్న కూడా అది ఆ డబ్బాలోనే ఉంది. మాకు పేరు తెలీదు, అంతే.

ఫస్టియర్‌లో చేరినప్పుడు ఆఫీసు కిటికీ దగ్గర "స్కాలర్‌షిప్ కాగితం ఇవ్వండి" అని మూడు రోజులు తిరిగాం. ఇవ్వలేదు. నాలుగో రోజు ఎవరో "బోనఫైడ్ అని అడగండ్రా" అంటే రెండు నిమిషాల్లో స్టాంపు కొట్టి ఇచ్చారు. మనలో చాలామందికి ఇలాంటి కిటికీ ఒకటి ఉండే ఉంటుంది. కొట్టు బయట నిలబడి మేం నలుగురం అదే గుర్తుచేసుకున్నాం. ఒకడైతే కీని బస్టాప్ దాకా చేతిలోనే పట్టుకుని నడిచాడు, సంచీలో వేయమంటే వేయలేదు.

తిప్పడం మాత్రం చాలా చిన్న పని. ముందు తీగలు కొంచెం వదులు చేశాం. కీ కొసని గుంత అడుగుదాకా దించి, ఆడటం లేదని చూసుకుని, కుడివైపు పావు చుట్టు. లోపల్నుంచి చెక్క చిన్నగా మూలిగింది. ఆ శబ్దానికి ముగ్గురం లేచి నిలబడ్డాం. ఇంక ఆపేసి, తీగలు బిగించి, రాత్రంతా వదిలేశాం. చెక్క సర్దుకోవడానికి టైం ఇవ్వాలి. తీగని మొదటి మెట్టు దగ్గర, చివరి మెట్టు దగ్గర రెండు చోట్లా నొక్కి పట్టి, మధ్యలో ఏడో మెట్టు దగ్గర సందు చూడాలి. ముందు ఆ సందులోంచి ఏటీఎం కార్డు హాయిగా దూరిపోయేది. మర్నాడు ఇంకో పావు చుట్టు తిప్పాక కార్డు పట్టలేదు, విజిటింగ్ కార్డు మాత్రం తీగని రాసుకుంటూ దూరింది. అక్కడ ఆపేశాం. పూర్తిగా నిటారుగా చేయకూడదు, తీగ ఊగడానికి ఆ కాస్త సందు ఉండాలి.

ప్రోగ్రాం సంగతి మీరు వీడియోలో చూశారు. తుడుము, డప్పు మోగాక మా గిటార్ సగం వినపడలేదు, అద్దె ఆంప్ చిన్నది. మోరి తాత మాత్రం దిగాక గిటార్ మెడ తడిమి చూసి, "సెగ చూపించారా?" అని అడిగాడు. చూపించాం తాతా అన్నాం. తర్వాత కీ చూపించాం.

అరిగిన మూల అలాగే ఉంది, మిగతా ఐదూ బాగానే పట్టుకున్నాయి. సైజు మర్చిపోకుండా గిటార్ తల వెనక మార్కర్‌తో రాసిపెట్టాం. చలికాలంలో గాలి ఆరిపోయాక మెడ మళ్ళీ మారొచ్చు, అప్పుడు కాస్త వెనక్కి తిప్పాల్సి రావచ్చు, చూడాలి. కీ మా రూమ్‌లో తలుపు వెనక మేకుకి వేలాడుతోంది. ఎవరికైనా మీ గిటార్‌కి అదే సైజు అని తేలితే, కొలిచాకే, వచ్చి తీసుకెళ్ళండి. పని అయ్యాక తెచ్చివ్వండి. పోయిన నెల ఇస్త్రీపెట్టె తీసుకెళ్ళినవాళ్ళు కూడా.