నడుముకి సెలవు

డిస్క్ జారింది అంటే బిళ్ల ఊడి పక్కకొచ్చినట్టు అనుకుంటాం. అది ఎక్కడికీ జారదట. పూసల మధ్య మెత్తలా ఉండే డిస్క్ చిట్లి, లోపలి జిగురులాంటి పదార్థం బయటికి ఉబ్బి, పక్కనున్న నరాన్ని నొక్కుతుంది. నాకు ఎల్ 4, ఎల్ 5 పూసల మధ్య. నడుము నుంచి పిక్క మీదుగా పాదం దాకా జివ్వున లాగేది. తుమ్మాలన్నా భయమే. ఆయుర్వేదంలో దీని పేరు గృధ్రసి. గృధ్రమంటే రాబందు. అద్దంలో నా నడక చూసుకున్నాక ఆ పేరు పెట్టినవాళ్లకి దణ్ణం పెట్టాను.

"ఆపరేషన్ తప్పదా డాక్టరుగారూ?" అని మా ఆయన అడిగారు. చాలామందికి 6 నుంచి 12 వారాల్లో అది లేకుండానే తగ్గుతుందన్నారు. ఉబ్బిన ముక్కని చాలాసార్లు ఒళ్లే మెల్లగా కరిగించుకుంటుందట. కొన్నాళ్లు మాత్రలు, ఆపైన ఫిజియోథెరపీ. రోజుల తరబడి మంచం మీద ఉండిపోకూడదు, ఓర్చుకోగలిగినంత నడవాలి. చివర్లో "వంగొద్దు, బరువులెత్తొద్దు" అన్నారు.

చిక్కల్లా అక్కడే వచ్చింది. మాత్రలు నేను మింగుతాను, మరి తడిబట్టల బకెట్ ఎవరెత్తుతారు? ఆ రాత్రి ఇంట్లో వంగి చేసే పనులన్నీ కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించాను. గ్యాస్ బండ, బకెట్ మా ఆయనకి. ఇల్లు తుడవడం అమ్మాయికి. అబ్బాయి పప్పుల డబ్బాలు కింది అరలోంచి చేతికందే అరలోకి మార్చాడు. "మా రోజుల్లో ఇవన్నీ ఎక్కడివమ్మా" అన్న అత్తయ్యే మర్నాడు కత్తిపీట అటకెక్కించి, చాకు తెచ్చి గట్టు మీద పెట్టారు.

ఫిజియోథెరపీ అమ్మాయి బోర్లా పడుకుని మోచేతుల మీద ఛాతీ ఎత్తడం నేర్పింది. నొప్పి కాలు వదిలి నడుము వైపు వెనక్కొస్తుంటే అది మంచి గుర్తట. అందరికీ ఒకే వ్యాయామం సరిపడదు, చూపించుకునే చెయ్యండి.

ఒక్కటి మాత్రం మరిచిపోకండి. మూత్రం మీద అదుపు తప్పినా, బిగబట్టినట్టు రాకపోయినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, పాదం పైకి లేవకపోయినా ఇంట్లో పనయ్యాక వెళ్దామనుకోవద్దు. వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

పదో వారానికి కూరగాయల బజారు దాకా నడిచాను. తగ్గింది కదా, ఆ కాగితం తీసేద్దామా అంది అమ్మాయి. ఉండనీ అన్నాను.