దుబాయ్ విమానాశ్రయంలో నాలుగు గంటలు

గత సంవత్సరం జర్మనీలో ఒక యంత్రభాగపు తనిఖీ ముగించుకొని మేమిద్దరం మ్యూనిక్ నుండి దుబాయ్ మీదుగా హైదరాబాదుకు తిరుగు ప్రయాణమయ్యాము. మా హోదాకు నిబంధనలు అనుమతించినది బిజినెస్ తరగతి. దుబాయ్ నుండి హైదరాబాదు వచ్చే విమానంలో ఆ తరగతి నిండిపోయినందున మమ్ములను మొదటి తరగతికి మార్చినట్లు మ్యూనిక్ కౌంటరులోనే చెప్పి, కొత్త బోర్డింగ్ పాసులు చేతికిచ్చారు. అదనపు రుసుము ఏమీ లేదు. ఆడిట్ విభాగపు మిత్రులు ఈ వాక్యమును ప్రత్యేకముగా గమనించ ప్రార్థన.

ఆ పాసు పుణ్యమా అని, దుబాయ్‌లో మొదటి తరగతి ప్రయాణీకుల కొరకు ఏర్పాటు చేసిన ఎమిరేట్స్ లాంజ్‌ను చూడగలిగాము. మన సంస్థలో చాలామందికి ఆ అవకాశం రాకపోవచ్చును. మాకూ మరల రాదు. అందుచేత చూచినది చూచినట్లు వ్రాస్తున్నాము.

ముందుగా ఆ సంస్థ గురించి రెండు మాటలు. ఎమిరేట్స్ తొలి విమానం 1985 అక్టోబరు 25న దుబాయ్ నుండి కరాచీకి ఎగిరింది. ఆనాడు పాకిస్తాన్ ఇంటర్నేషనల్ వారి వద్ద అద్దెకు తెచ్చుకొన్న విమానాలతో పని ప్రారంభించారు. ఈనాడు రెండంతస్తుల ఏ380 విమానాలు ప్రపంచంలో అన్నిటికంటె ఎక్కువగా ఉన్నది వారి వద్దనే. అంతర్జాతీయ ప్రయాణీకుల సంఖ్యలో దుబాయ్ విమానాశ్రయం 2014 నుండి ప్రపంచంలో మొదటి స్థానంలో ఉన్నది. 2024లో అక్కడి నుండి రాకపోకలు సాగించినవారు 9 కోట్ల 20 లక్షలకు పైమాటే. వారిలో అన్ని దేశాలకంటె ఎక్కువ మంది మన దేశపు మార్గాలలో ప్రయాణించినవారే.

మేము దిగినది కాన్‌కోర్స్ ఏ అనే భవనంలో. కిలోమీటరుకు కొంచెం తక్కువ పొడవు. 2013లో ప్రారంభమైనది. కేవలం ఏ380 విమానాల కొరకే 20 ద్వారాలతో నిర్మించిన భవనం ప్రపంచంలో ఇదే మొదటిది. ఇంజనీరు కన్నుతో చూచిన మాకు పాలరాళ్లకంటె, జలపాతాలకంటె ఒక విషయం ఎక్కువ నచ్చినది. ఏ380 పై అంతస్తు తలుపు నేల నుండి సుమారు 8 మీటర్ల ఎత్తున ఉంటుంది. మామూలు విమానాశ్రయాలలో ప్రయాణీకులందరినీ ఒకే హాలులో కూర్చుండబెట్టి, అక్కడి నుండి పై వంతెనకు ఎక్కించవలసి వస్తుంది. ఇక్కడ భవనపు అంతస్తులనే విమానపు అంతస్తులకు సరిపడునట్లు అమర్చినారు. మొదటి తరగతి ప్రయాణీకుడు లాంజ్ నుండి నేరుగా విమానపు పై అంతస్తులో అడుగు పెట్టును. దుకాణాల అంతస్తులో నున్న జనాన్ని అతడు చూడనే చూడడు, వారూ అతనిని చూడరు. ఒకే విమానం, రెండు ప్రవాహాలు, ఎక్కడా కలియవు. పైపుల అమరిక గీసే మన డిజైన్ విభాగం వారు చూస్తే మెచ్చుకొందురు.

లాంజ్ ఒక పూర్తి అంతస్తును ఆక్రమించి యున్నది. తోలు కుర్చీలు, ఉయ్యాల వలె వెనుకకు వాలే పడకలు, స్నానపు గదులు, చుట్ట కాల్చుకొనేవారికి ఒక గది, మర్దనకు ఒక విభాగం, ద్రాక్షసారాయికి ఒక దుకాణం కలవు. భోజనశాలలో మెనూ చూచి కోరినది వండించి తెత్తురు. పూర్తి శాకాహారి అయిన మా మిత్రుడు ఆ మెనూ అంతా శ్రద్ధగా చదివి, చివరకు పెరుగన్నం దొరుకునా అని అడిగినాడు. వడ్డించే యువతి ఏమాత్రం తడబడక తెల్లని అన్నం ఒక పింగాణీ పాత్రలో, పెరుగు మరొక పాత్రలో తెచ్చి ఉంచినది. ఆయన రెండు నిమిషములు ఫోర్కుతో కుస్తీపట్టి, అటూ ఇటూ చూచి, చేయి కడుగుకొని వచ్చి కలుపుకొన్నాడు. ఆ మూల మమ్ములను చూచేవారు ఎవ్వరూ లేరు.

అసలు చెప్పదలచినది ఇదే. అక్కడ ఎవ్వరూ లేరు. మేము కూర్చున్న వరుసలలో 40 కుర్చీలు లెక్కించినాము. ముగ్గురు మనుష్యులు. అంటే వినియోగం నూటికి ఏడున్నర. మన కర్మాగారంలో ఏదైనా యంత్రం ఆ లెక్కన పనిచేసిన యెడల వారపు సమీక్షా సమావేశంలో సంజాయిషీ వ్రాసుకోవలసి వచ్చును. మొదట ఇది నిర్వహణ లోపమేమో అనుకొన్నాము. కొంచెం సేపు కూర్చున్న మీదట అర్థమైనది. అక్కడ అమ్ముతున్న సరుకే ఆ ఖాళీ. భోజనం, పానీయాలు పేరుకు మాత్రమే. పక్కన మనిషి లేకపోవడం, ఎవరి వెనుకా నిలబడనవసరం లేకపోవడం, దానికే ఆ టిక్కెట్టు వెల. ఆ 37 కుర్చీలు నిండిననాడు మిగిలిన మూడింటికి విలువ పోవును.

ఈ వ్యాపారం కొత్తదేమీ కాదు. అమెరికన్ ఎయిర్‌లైన్స్ వారు 1939లో న్యూయార్క్ లాగార్డియా విమానాశ్రయంలో అడ్మిరల్స్ క్లబ్ తెరిచినారు. విమాన సంస్థ నడిపిన లాంజ్‌లలో అదే మొదటిదందురు. తొలినాళ్లలో అక్కడికి ఆహ్వానితులకే ప్రవేశం. దుబాయ్ దాకా ఎందుకు? మేము 1990లలో ఉద్యోగంలో చేరిన యూనిట్ క్యాంటీనులో అధికారులకొక గది ఉండేది. వంట ఒకటే, సాంబారు ఒకటే. గదిలో ఆరు బల్లలు, నాలుగు పంకాలు, పదిమంది మనుష్యులు. గోడకు ఆవల షిఫ్టు దిగిన వందలాది కార్మికులు పళ్లెం పట్టుకొని వరుసలో నిలుచునేవారు. మేము కూడా ఆ గదిలోనే తిన్నాము, సుఖంగానే తిన్నాము. తరువాత ఆ గోడ తీసివేసినారు. తీసివేసిన నెలలో కొందరు పెద్దలు ఇంటి నుండి క్యారియరు తెచ్చుకొన్న సంగతి పాతవారికి జ్ఞాపకముండవచ్చును.

స్నానపు గదుల వద్ద తువ్వాళ్లు అందించే యువకుడు మా మాటలు విని దగ్గరకు వచ్చి, "సార్, మీరు తెలుగోళ్లా?" అని అడిగినాడు. నిజామాబాదు జిల్లా వాడు. వచ్చి మూడేండ్లయినదట. స్నానం చేసి వచ్చిన మీదట అతనితో కొంతసేపు మాట్లాడినాము. ఇంత పెద్ద హాలు ఎప్పుడూ ఇట్లే ఖాళీగా ఉండునా అని మేమడిగితే నవ్వినాడు.

"పొద్దుగాల జర్ర మంది ఉంటరు సార్. కానీ ఇక్కడికొచ్చేటోళ్లు గంట సేపు గూడ కూసోరు. మనూరోళ్లు కింద ఆరేడు గంటలు కూసుంటరు."

ఈ మాట మేము వ్రాసుకొన్నాము. లెక్కకు సరిగ్గా సరిపోయినది. గంట కూర్చునేవానికి పడక కలదు. ఏడు గంటలు కూర్చునేవానికి ఇనుప చేతుల కుర్చీ, అది కూడా నిండి ఉంటే నేల. తక్కువ ధర టిక్కెట్టుకు విమానం మారే వ్యవధి ఎక్కువ పడుతుంది గనుక ఎక్కువ సేపు వేచి ఉండవలసినది ఎప్పుడూ చవుక టిక్కెట్టు వాడే. ద్రాక్షసారాయి, మర్దన అందరికీ అక్కరలేదు. కాళ్లు చాచుకొనే ఒక బల్ల, ఒక వేడినీళ్ల స్నానం, రాత్రిపూట తగ్గించిన దీపాలు, ఈ మూడూ కింది అంతస్తులో ఏర్పాటు చేయుటకు ఇంజనీరింగ్ పరంగా ఏ కష్టమూ లేదని మా అభిప్రాయం. రైల్వే స్టేషనులలో రిటైరింగ్ రూము చేయునది ఆ పనే కదా.

మా హైదరాబాదు విమానం కాన్‌కోర్స్ బి నుండి. చోదకుడు లేని చిన్న రైలులో అక్కడికి వెళ్లవలెను. రైలు దిగి ద్వారం వైపు నడిచేసరికి దృశ్యం మారిపోయినది. జగిత్యాల, సిరిసిల్ల, కామారెడ్డి మాటలు వినవచ్చినవి. తాళ్లతో బిగించిన సంచులు, కొత్త దుప్పట్లు, పిల్లల బొమ్మలు. కొందరు గోడవారన తువ్వాలు పరచుకొని నిద్రిస్తున్నారు. కుర్చీలు వంద ఉంటే మనుష్యులు అంతకు రెండింతలు. వినియోగం నూటికి రెండువందలు.

మా పక్కన నేల మీద కూర్చున్న ఒక నడివయస్కుడు జరిగి, తన సంచి పక్కకు లాగి, "కూసోండ్రి సార్" అన్నాడు. కూర్చున్నాము. ఒమన్‌లో మేస్త్రీ పని. మస్కట్ నుండి వచ్చి తొమ్మిది గంటలైనదట. నాలుగేండ్ల తరువాత ఇంటికి పోతున్నాడు, కూతురి పెండ్లి.

"మీరెప్పుడొచ్చిన్రు సార్?"

"నాలుగు గంటలైనది."

"మరి ఇప్పటిదాంక ఎక్కడ కూసున్నరు? గిక్కడ కనవడలే."

మా మిత్రుడు పై కప్పు వైపు చూపించినాడు. అక్కడ చాయ్ దొరుకుతదా అని అతడు అడిగినాడు. దొరుకుతుందన్నాము. ఎంత అని అడిగినాడు. ఊరకే ఇస్తారని చెప్పినాము.

"మంచిదే," అని తల సంచికి ఆనించి కన్నులు మూసుకొన్నాడు.

కొంత సేపటికి మొదటి తరగతి వారిని పిలిచినారు. మేము లేచేసరికి అతడు గాఢ నిద్రలో ఉన్నాడు. అతని వరుసను పిలుచుటకు ఇంకా అరగంట పట్టును. మా మిత్రుడు పక్కనున్న కుర్రవానితో, "బాబూ, ఈ అన్నను లేపడం మరచిపోకు, బిడ్డ పెండ్లికి పోతున్నాడు" అని చెప్పి వచ్చినాడు.