మా ఇంటి బతఖు

గుమ్మఘట్టలో బాతును పెంచుతున్నామంటే విన్నవారు ముందు నవ్వుతారు. నవ్వదగిన మాటే గదా! ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వర్షం, అదైనా నమ్మకంగా కురవని జిల్లా మాది. వేదావతిపై భైరవానితిప్ప జలాశయం ఉన్నదే కాని, చాలా ఏండ్లు అందులో నీటి కన్న నీటిని గూర్చిన మాటలే ఎక్కువ. అటువంటి సీమలో నీటిపక్షిని, అందునా నడవలేనిదానిని, ఇంటిలోపల పెట్టుకొన్నాము.

2022 సెప్టెంబరులో ఎగువన చిత్రదుర్గం జిల్లాలోని వాణీవిలాస సాగరం 1933 తరువాత మొదటిసారిగా పొర్లింది. ఆ యేడు వేదావతి మా వైపు నిండుగా వచ్చింది. నీరున్న చోట వరి, వరి కోసిన చోట బాతుల మంద. ఆ చలికాలంలో పైప్రాంతం నుండి మందలను తోలుకొని వచ్చినవారు కోసిన మళ్లలో రాలిన గింజలకు వాటిని వదిలారు. ఊరూరా తిరిగే మందకు కాళ్లే ఆస్తి. సాగలేని పిల్లను మోసుకొని తిరుగుట ఆ పేదకాపరికి సాధ్యమా? వెళ్లేనాడు కుంటిపిల్ల నొకదానిని మా నాయన చేతిలో పెట్టి, “పెద్దదైతే కూరకు పనికొస్తుంది సాయిబూ” అన్నాడు.

దాని కాళ్లు రెండూ విల్లువలె వంగి ఉండేవి. పశువైద్యుడు చూచి, బాతుపిల్లలకు నియాసిన్ అనే బి విటమిన్ కోడిపిల్లల కన్న ఎక్కువ కావాలనీ, అది చాలక కాళ్లు వంకరపోయి ఉంటాయనీ, ఎముక ముదిరింది గనుక ఇక నిలువదనీ చెప్పాడు. ఆ విటమిన్ వేరుశనగలో పుష్కలం. మా అమ్మ వెంటనే వేరుశనగ చెక్క నానవేయబోగా ఆయనే వారించాడు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీకోళ్లు చచ్చిపోతే, కారణం బూజు పట్టిన వేరుశనగ చెక్క అని తేలిందట. ఆ విషానికి బాతుపిల్లలు మరీ త్వరగా లొంగుతాయి. నాటి నుండి అమ్మ మంచి గింజలను ఒక్కొక్కటిగా ఏరి, దంచి, రాగిపిండిలో కలిపి పెడుతున్నది.

ఎల్లవేళలా రొమ్ముపైనే కూర్చుండే పక్షికి రొమ్ము పుండు పడుతుంది. అందుచేత ఇసుక మీద పాతచీర పరచి రోజుకు మూడుమార్లు మార్చవలసి వచ్చేది. వాసన లేదని అబద్ధమాడను.

తుంటి విరిగి మంచం పట్టిన మా దాదీ మొదట ఒప్పుకోలేదు. “మనుషులకే లేని నీళ్లు ఈ బతఖుకా?” అన్నది. ఆ ప్రశ్నకు మాలో ఎవ్వరి దగ్గరా జవాబు లేదు. బాతుకు స్నానం విలాసం కాదు. తల పూర్తిగా ముంచనిదే కన్నులూ ముక్కురంధ్రాలూ శుభ్రపడవు. నీళ్లాడి ఈకలు దువ్వుకోనిదే వాటికి నూనె పట్టదు. గుడ్డలు జాడించిన నీరు పోద్దామంటే సబ్బు ఆ నూనెను హరిస్తుంది. మంచినీరే కావాలి.

ఒకనాడు నాయన దానిని సిమెంటు తొట్టిలో దించాడు. నేలపై చాపమీద ఈడ్చుకొనే ఆ ప్రాణి నీటిలో గిరుక్కున తిరిగింది. వంకర కాళ్లే తెడ్లైనాయి. తొట్టి ఈ చివర నుండి ఆ చివరకు పోయి, తోక ఆడించి, మమ్మల్ని చూచి అరిచింది. దాని కుంటితనంలో సగం కాళ్లది, సగం మా జిల్లాది అని నాకప్పుడు తోచింది. దాదీ మంచం మీది నుండి చూస్తూనే ఉన్నది. ఏమీ అనలేదు. మరునాటి నుండి ఆమె దినం విడిచి దినం స్నానం చేయసాగింది. మంచాన పడిన ముసలిదానికి రోజూ ఎందుకట! ఆ మిగిలిన బిందెలు ఎక్కడికి పోవాలో ఎవ్వరూ అడగలేదు. తొట్టి మురికినీరు మాత్రం మునగచెట్టుకే పోవాలని ఆజ్ఞాపించింది.

2024 వేసవిలో కొళాయి ఎప్పుడు వచ్చేదో తెలిసేది కాదు. నీటికి ముందు గొట్టంలో గాలి బుసకొడుతుంది; ఆ సవ్వడి మా కన్న ముందే విని బతఖు గొంతెత్తి అరుస్తుంది. అంతకుముందు మమ్మల్ని చూచి నవ్విన పొరుగింటి అత్త ఇప్పుడు తెల్లవారగానే గోడమీదుగా తల పెట్టి అడుగుతుంది: “ఏమమ్మా, మీ బాతు కూసిందా?”