పచ్చకి పెట్టిన డబ్బు

బ్యాంకులో చాలా ఏళ్లు బంగారం లోన్ల కౌంటర్లో కూర్చున్నాను. అప్రైజర్ నగని ముందు మొత్తంగా తూచి, రాళ్ల బరువు అంచనా కట్టి తీసేసి, మిగిలిన నికర బరువు మీదే విలువ రాస్తాడు. రాయి కెంపైనా, పచ్చైనా, గాజైనా అక్కడ లెక్క ఒకటే, సున్నా. తాతలనాటి పచ్చల హారం తెచ్చినవాళ్లు "అదేంటి మేడమ్, రాళ్లకేమీ రాదా?" అని అడిగితే నచ్చజెప్పడం నా ఉద్యోగంలో భాగం. హాల్‌మార్క్ కూడా బంగారం స్వచ్ఛతకే హామీ ఇస్తుంది, రాయి గురించి ఒక్క మాటా చెప్పదు.

ఇంత తెలిసీ, రిటైరయ్యాక వచ్చిన లీవ్ ఎన్‌క్యాష్‌మెంట్ డబ్బులో లక్షన్నర తీసి జాతి పచ్చ కొనుక్కున్నాను. పెన్షను, ఆరోగ్య బీమా, ఎఫ్‌డీలు అన్నీ సర్దుకున్నాకే ఆ ఆలోచన చేశాను. ఇంటి పద్దులో దాన్ని పెట్టుబడి కింద రాయలేదు, ఖర్చు కింద రాశాను. ఖర్చు అనుకుని కొంటున్నప్పుడు పెట్టిన ప్రతి రూపాయీ కంటికి కనిపించాలి. పచ్చలో కనిపించేది రంగు. ఆ రంగు నిలబడేదీ, కారిపోయేదీ సానలో.

హైదరాబాద్ పత్తర్‌గట్టిలో ఒక దుకాణంలో కాగితపు పొట్లాలు విప్పి రెండు రాళ్లు నా ముందు పెట్టారు. ఒకటి మూడు క్యారెట్లకి కాస్త పైన, క్యారెట్ నలభై వేలు. రెండోది ఒకటి ముప్పావు క్యారెట్, క్యారెట్ డెబ్బై వేలు. అంటే చివరికి రెండూ ఇంచుమించు ఒకే ధర. పెద్దది తేటగా ఉంది, పది రెట్లు పెద్దగా చూపే లూప్‌లో కూడా మచ్చలు పెద్దగా లేవు. చిన్నదాంట్లో ఒక మూలకి సన్నని తెరలాంటిది, పక్కన ఒక నల్ల చుక్క. "పెద్దది తీసుకోండి మేడమ్, నిండుగా కనిపిస్తుంది" అన్నాడు కొట్టాయన.

ఆయన విజిటింగ్ కార్డే అడిగి తీసుకుని, పెద్ద రాయిని దాని మీద పెట్టాను. నడిమధ్యలోంచి ఫోన్ నంబరు అంకెలు చదవడానికి వచ్చాయి. అంచుల్లో పచ్చగా ఉన్న రాయి నడుమకి వచ్చేసరికి నీళ్లు కలిపిన పాలలా పలచబడింది. చిన్నదాన్ని అదే అంకెల మీద పెడితే ఏమీ కనిపించలేదు, రాయి నిండా రంగే. గుమ్మం దగ్గరికి తీసుకెళ్లి పగటి వెలుగులో అటూ ఇటూ వంచి చూశాను. పలకల మీద వెలుగు మెట్లు మెట్లుగా దిగుతూ, రంగు అంచు నుంచి అంచుకి తిరుగుతోంది. నా నిర్ణయం అక్కడే అయిపోయింది.

దీని వెనక కారణం ఉంది. వజ్రం వక్రీభవన గుణకం 2.42, పచ్చది 1.58 దగ్గర. వజ్రం కాంతిని లోపల బంధించి మళ్లీ పైకి విసరగలదు. పచ్చకి అంత బలం లేదు. అడుగు పలకల వాలు తగ్గిందంటే పైనుంచి వచ్చిన వెలుగు వెనక్కి తిరగకుండా కిందనుంచి జారిపోతుంది. అప్పుడు మనకి కనిపించేది రాయి రంగు కాదు, రాయి వెనకున్న వేలు. ఇలా ఖాళీగా కనిపించే నడుమని వ్యాపారులు విండో అంటారు. మరీ లోతుగా కోస్తే ఇంకో ఇబ్బంది, లోపల నల్లని నీడలు పడతాయి, బరువంతా కంటికి కనిపించని పొట్టలో ఉండిపోతుంది. ఆ బరువుకి కూడా డబ్బు కట్టేది మనమే.

సానపట్టేవాళ్లకి ఇదంతా తెలియక కాదు. ముడిరాయి ఖరీదైనది, అమ్మకం క్యారెట్ల మీద. వాలు సరిగ్గా తేవాలంటే బరువు పోతుంది. అందుకే చాలా రాళ్లలో బరువు గెలుస్తుంది, రంగు ఓడిపోతుంది. పైగా పచ్చ స్ఫటికం ఒక దిక్కునుంచి నీలం కలిసిన ఆకుపచ్చగా, ఇంకో దిక్కునుంచి పసుపు కలిసిన ఆకుపచ్చగా కనిపిస్తుంది. ముఖం ఎటు తిప్పి కోయాలన్నది కూడా సానపట్టేటప్పుడే తేలాలి. ముడిరాయి రంగు లేతదైతే కాస్త లోతుగా, ముదురుదైతే కాస్త పలచగా కోస్తారు. మంచి సానగాడు ఒక గ్రాములో అయిదో వంతు తూగే క్యారెట్ రాయిలో ఇన్ని లెక్కలు చూసుకుంటాడు. ఆ పనికి డబ్బివ్వడం నాకు ఎక్కువనిపించలేదు.

బరువు మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. గ్రహాల కోసం పచ్చని బుధుడి రాయిగా కొనేవాళ్లకి రత్తుల్లో ధర చెప్తారు. రత్తి క్యారెట్ కన్నా తక్కువ, ఎంత తక్కువన్నది కొట్టుని బట్టి మారుతుంది. ధర ఎప్పుడూ క్యారెట్లలోనే అడగండి.

ఇక మచ్చల సంగతి. వజ్రాలు చూసిన కళ్లతో పచ్చని చూస్తే అన్నీ లోపాలే కనిపిస్తాయి. లోపల ఏమీ లేని పచ్చ చాలా అరుదు. అలాంటిది తక్కువ ధరకి చూపిస్తే, ల్యాబ్‌లో పెంచిన రాయేమో అని నేను ముందు అనుమానిస్తాను. మచ్చ ఉందా లేదా అని కాదు, ఎక్కడుంది, ఏం చేస్తోంది అని చూడాలి. దీర్ఘచతురస్రంగా, మూలలు కోసి, మెట్లు మెట్లుగా చెక్కే ఎమరాల్డ్ కట్ పెళుసైన మూలల్ని కాపాడుతుంది, రంగుని విశాలంగా పరుస్తుంది. కానీ పైన పెద్ద పలక ఉండటం వల్ల సరిగ్గా నడుమ మచ్చ ఉంటే దాపరికం ఉండదు, అడుగు పలకల్లో అదే మచ్చ రెండు మూడుగా ప్రతిఫలిస్తుంది. మూల పక్కనున్న సన్నని తెర కంటికి అడ్డం రాదు. రాయంతా మబ్బు కమ్మినట్టుంటే మాత్రం ఎంత మంచి సాన పట్టినా మెరుపు పైకి రాదు.

నేను భయపడేది పైకి తేలిన పగులుకి. రాయి మీద దీపం ప్రతిబింబం పడేలా వంచి లూప్‌లో చూస్తే, ఆ వెలుగుని గీతలా తెంపుతూ పగులు దొరికిపోతుంది. ఇలాంటి పగుళ్లలో దేవదారు నూనెలాంటిది ఎక్కించి తేటగా కనిపించేలా చేస్తారు. ఇది తరాలుగా ఉన్న పద్ధతే, చెప్పి అమ్మితే మోసం కాదు. ఎంత ఎక్కించారన్నదాన్ని బట్టి ధర మారుతుంది. 2017లో న్యూయార్క్‌లో క్రిస్టీస్ వేలంలో రాక్‌ఫెల్లర్ ఎమరాల్డ్ అనే 18.04 క్యారెట్ల రాయి 55 లక్షల డాలర్లు పలికింది, క్యారెట్‌కి మూడు లక్షల డాలర్ల పైమాట. అందులో నూనె లేకపోవడం ఆ ధరకి ఒక పెద్ద కారణం.

అందుకే బేరం కుదిరాక కూడా ల్యాబ్ రిపోర్టు వచ్చేదాకా మొత్తం డబ్బు కట్టనన్నాను. సహజమైన పచ్చ, నూనె స్వల్పం అని రాసి ఉంటేనే కొంటాను, అంతకన్నా ఎక్కువుంటే అడ్వాన్సు తిరిగివ్వాలి అని చీటీ రాయించుకున్నాను. రిపోర్టులో స్వల్పమనే వచ్చింది, పుట్టిన చోటు జాంబియా. కొలంబియా పేరుంటే ఇలాంటి రంగుకే ఇంకా చాలా ఇవ్వాల్సొచ్చేది. నా మెడలో వేసుకునే రాయికి ఊరి పేరు నాకవసరం లేదు.

మెడలో అన్నానుగా, ఉంగరం చేయించలేదు. పచ్చ గట్టిదే, కానీ దెబ్బకి ఆగదు. రోజూ గిన్నెలకీ తలుపులకీ తగిలే చేతికి అది నప్పదు. లాకెట్ చేయించి, వెనక మూయకుండా వదిలేయమన్నాను. పాత హైదరాబాదీ కుందన్ నగల్లో రాయి వెనక రేకు పెట్టి మూసేవారు, పలచని రాళ్లకి అది అందమైన ఉపాయం. నేను మాత్రం సానకి డబ్బిచ్చాను, వెలుగుకి దారి ఉండాలి. బిల్లులో బంగారం బరువు వేరు, మజూరీ వేరు, రాయి క్యారెట్లు వేరు రాయించాను. తిరిగి ఇస్తే రాయికి ఎంత శాతం కోసుకుంటారో కూడా అదే కాగితం మీద పెట్టించాను.

లాకెట్‌ని గోరువెచ్చని నీళ్లు, మెత్తని బ్రష్‌తో తుడుచుకుంటే చాలు. అల్ట్రాసోనిక్ మెషీన్లో, ఆవిరిలో పెట్టనివ్వకూడదు, నూనె బయటికొచ్చి పగుళ్లు తెల్లగా తేలతాయి. కొన్నేళ్లకి నూనె ఎండితే మళ్లీ పట్టించుకోవచ్చు. అప్పుడు రంగులేని నూనే వాడాలని, ఆకుపచ్చ రంగు కలిపింది వద్దని రిపోర్టు కవరు మీద రాసి లాకర్లో పెట్టాను. రాయిని ఆ పనికి తీసుకెళ్లేది నా కోడలు కావచ్చు.