గుండ్లకమ్మ పుట్టిన అడవిలో

మార్కాపురం అనగానే మనకు పలకలు గుర్తుకు వస్తాయి. కంభం, గిద్దలూరు అనగానే కరవు, ఎండిన బావులు, వలస వెళ్లిన కుటుంబాలు గుర్తుకు వస్తాయి. పెద్దపులి మాత్రం ఎవరికీ గుర్తుకు రాదు. "పులులా? అవి తాతల నాటి మాట" అని మేమూ అనుకునేవారము.

కూటముల నిమిత్తము మార్కాపురం రోడ్డు స్టేషనులో రైలెక్కి గిద్దలూరు వెళ్లినప్పుడు మా తలంపు మారింది. తర్లుపాడు, కంభం దాటుతుండగా కుడివైపున నల్లమల కొండలు మా వెంటే వచ్చాయి. ఆ కొండల పాదాన ఉన్న ఒక పల్లెలో సాయంకాల ఆరాధనకు వెళ్లాము. ప్రార్థన ముగిసేసరికి చీకటి పడింది. తల్లులు పిల్లలను ఒంటరిగా పంపలేదు. అందరూ గుంపుగా టార్చిలైట్లు పట్టుకొని బయలుదేరారు. ఎందుకని అడిగితే, "పులి దిగిందయ్యగారూ" అన్నారు.

మరునాడు ఉదయం వాగు ఇసుకలో అడుగుజాడలు చూపించారు. ఊరి పెద్దాయన ఒకరు మాకు వివరించారు. కుక్క, తోడేలు, దుమ్ములగొండి నడిస్తే గోళ్ల గుర్తులు పడతాయి. పులి జాతి గోళ్లను లోనికి ముడుచుకొని నడుస్తుంది గనుక ఆ గుర్తులు పడవు. జాడ చిన్నదైతే చిరుత, మన అరచేయంత వెడల్పు ఉంటే పెద్దపులి. "ఇది చిరుతేనయ్యా. పెద్దపులి ఇంకా లోపల ఉంటుంది" అన్నారాయన.

నిజానికి ఈ అడవిలో పులి కొత్తది కాదు. నాగార్జునసాగర్–శ్రీశైలం అడవిని 1983లో పులుల సంరక్షణ కేంద్రముగా ప్రకటించారు. మార్కాపురం వైపు కొండలు అందులోనివే. గిద్దలూరు వైపున ఉన్న గుండ్ల బ్రహ్మేశ్వరం అడవి 1990లో అభయారణ్యమైంది. 2018 లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లో 48 పులులుండగా, 2022 లెక్కల్లో 63 ఉన్నాయి. పులిపిల్ల రెండేళ్ల ప్రాయానికి తల్లిని విడిచి సొంత చోటు వెదుక్కుంటుంది. ఉన్న చోటు చాలకపోతే, ఎన్నడూ కనిపించని చోట కనిపిస్తుంది. 2022 మే నెలలో కాకినాడ జిల్లా ప్రత్తిపాడు ప్రాంతపు పల్లెల్లో పెద్దపులి తిరిగినప్పుడు జనం ఎంత ఆశ్చర్యపోయారో మనకు తెలుసు. చిరుతకైతే పెద్ద అడవి కూడా అక్కరలేదు. గుట్ట, పొద, ఊరకుక్కలు, మేకలు ఉంటే చాలు.

ఆ పల్లెలోనే ఒక కాపరి సహోదరుని కలిశాము. వారం దినాల క్రితం ఆయన దొడ్డిలో మూడు మేకలు పోయాయి. ఒక కళేబరం ఇంకా గుట్ట దగ్గరే పడి ఉంది. ఆయన చేతిలో పురుగుల మందు డబ్బా ఉంది. దాన్ని కళేబరం మీద చల్లితే పులి పీడ వదులుతుందని ఆయన ఆలోచన. అది నేరమనీ, కుక్కలు, గద్దలు కూడా చస్తాయనీ, వాగునీళ్లలో కలిస్తే మన పిల్లలకే ముప్పనీ మేము చెప్పాము. ఆయన తలవంచుకొని విన్నారు. తరువాత మెల్లగా, "పులిని కాచే దేవుడున్నాడు. నా మేకలను కాచేదెవరయ్యా?" అన్నారు.

ఆ ప్రశ్నకు మా వద్ద వెంటనే జవాబు లేకపోయింది. 104వ కీర్తన జ్ఞాపకం వచ్చింది. రాత్రివేళ మృగాలు దేవుని చేతి నుండి ఆహారం వెదకుతాయనీ, ప్రొద్దు పొడిచాక అవి మరలిపోతే మనిషి తన పనికి బయలుదేరతాడనీ అక్కడ చదువుతాము. ఒకే భూమి మీద ఇద్దరికీ వేళలు ఏర్పరచిన దేవుడు, పేదవాని మేకను మరచిపోయేవాడా?

ఆ సాయంత్రం సంఘపెద్దలు కూడుకున్నారు. మందు డబ్బాను ఆయనే తెచ్చి పెద్దల చేతిలో పెట్టారు. నష్టపరిహారానికి అర్జీ వ్రాయడానికి చదువుకున్న యౌవనస్థుడొకడు ముందుకొచ్చాడు. దొడ్డి చుట్టూ కంప ఎత్తుగా వేసి, పైన వల కప్పడానికి నలుగురు ఒప్పుకున్నారు. తలా కొంత వేసుకొని ఒక చూడి మేకను కొనిచ్చారు. ఆ కాపరి కన్నీళ్లతో స్తోత్రం చెప్పారు.

తిరుగు ప్రయాణంలో కంభం చెరువు వద్ద కాసేపు ఆగాము. ఈ చెరువును నింపే గుండ్లకమ్మ ఆ పులి తిరిగే నల్లమలలోనే పుడుతుంది. 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద 2,222 మంది మన పితరులు బాప్తిస్మము పొందింది ఈ ఏటి నీళ్లలోనే. పులి ఉన్నచోట గొడ్డలి అంత తేలికగా దిగదు. చెట్టు నిలిస్తే వాన నీరు నేలలో ఇంకి ఏరు పారుతుంది. ఆ నీటి మేలు ఒంగోలు దాకా అందరిదీ. పోయిన మేక మాత్రం ఒక్క కాపరిది.

ప్రియ చదువరులారా, అడవి అంచున కాపురముండే మన సహోదరులను ప్రార్థనలో జ్ఞాపకముంచుకొనండి. పులి జాడ కనిపిస్తే పుకారు పుట్టించక అటవీ సిబ్బందికి తెలపండి. తెల్లవారుజామున పిల్లలను ఒంటరిగా బయటకు పంపకండి. మీ సంఘములో ఎవరి దొడ్డియైనా ఖాళీ అయితే, ఆ భారం ఆ ఒక్క ఇంటి మీదనే విడిచిపెట్టకండి.