కారిన నూనె

ప్రియ చదువరీ, నీ యింట ఒక వస్తువు తరిగినప్పుడు నీవు మొదట వస్తువును పరీక్షింతువా, మనిషిని అనుమానింతువా? నేను మనిషిని అనుమానించితిని. ఆ సంగతి వినుము.

మాది ఎడపల్లి. నిజాంసాగరు నీటితో పండిన మా చెరకు బోధనులోని చక్కెర కర్మాగారమునకు పోయెడిది. 1937లో స్థాపింపబడిన ఆ కర్మాగారము 2015లో మూతపడెను. చెరకు మానిన పిమ్మట నేనొక చైన్ సా, అనగా గొలుసు రంపము కొని, కూలిన చెట్లను కోయు పనికి దిగితిని. ఒక యువకుడు నాకు తోడుండెను.

ఈ రంపమునకు రెండు టాంకులుండును. ఒకదానిలో ఇంజను నూనె కలిపిన పెట్రోలు, రెండవదానిలో గొలుసును తడిపెడి నూనె పోయవలెను. నూనె అందనియెడల గొలుసు తిరుగు పట్టీ కాగి అరిగిపోవును. సాయంకాలము నింపిన నూనె ఉదయమునకు సగమైనను ఉండకుండెను. మూడు దినములు చూచి, "నూనె ఎవరికి అమ్ముతున్నవురా?" అని అడిగితిని. "నేను ముట్టలే అన్నా" అని తల వంచుకొని వెళ్లిన వాడు మరల రాలేదు.

ఆ రాత్రి రంపమును కొట్టములోనుంచక ఇంటిలో బండలమీద నిలిపి, తాళము వేసి, చెవి నా యొద్దనే ఉంచుకొంటిని. తెల్లవారి చూడగా బండలమీద నూనె మడుగు కట్టియుండెను! కొట్టములో క్రింద రంపపు పొట్టు ఉన్నందున, కారిన నూనె దానిలో ఇంకి నా కంటబడలేదు.

స్పార్కు ప్లగ్గు వైరు తీసి, మూత చుట్టు గుడ్డతో తుడిచి విప్పితిని. మూత రబ్బరు రింగు గట్టిపడి చీలియుండెను. మరలలో పొట్టు చిక్కుకొనియుండెను. మరలు శుభ్రపరచి, ఆ రంపమునకే తగిన కొత్త రింగు వేసి, పట్టకారు వాడక చేతితోనే బిగించితిని. రంపమును నిటారుగా పాత కాగితముమీద రాత్రియంతయు నిలిపితిని. మూత క్రింద కాగితము తడియలేదు. పట్టీ కొననుండి రెండు చుక్కలు పడెను. పని తరువాత పట్టీలో మిగిలిన నూనె అట్లు కారుట దోషము కాదు.

రంపము బాగుపడెను. కాని నా మాట? దానికి రింగు ఏ అంగడిలో దొరకును?

వాని యింటికి పోయి, వాని తల్లి యెదుటనే, "తప్పు నాది తమ్మీ" అంటిని. వాడు చాలసేపు పలుకలేదు. తరువాత, "మూత నాకు చూపియ్యకపోతివి అన్నా, ఆ దినమే చెప్పెటోన్ని" అనెను. మరునాడు పనికి వచ్చెను. ఇప్పుడు ప్రతి ఉదయము మూతను మొదట విప్పి చూచువాడు వాడే.

చదువరీ, నీ యింట నేడు ఏదైనను తరిగినదా? ఎవరినైనను అడుగకమునుపు మూత విప్పి చూడుము.