అమ్మీ గదికి చునా, మిగతా ఇంటికి ఎమల్షన్

షబే బరాత్ దగ్గర పడుతోందంటే మన ఇళ్ళల్లో రెండు మాటలు మొదలవుతాయి. హల్వాకి రవ్వ ఎంత తేవాలి, గోడలకి రంగు ఎప్పుడు వేయించాలి. రంజాన్ చాంద్ కనపడేలోపు ఇల్లంతా సాఫ్ అయిపోవాలి. ఒకప్పుడు ఈ రంగు సంగతి తేలిగ్గా తేలిపోయేది. బజారుకి పోయి సున్నపు రాళ్ళు తెచ్చి, పెద్ద కుండలో వేసి నీళ్ళు పోస్తే సలసలా ఉడికేది. రాత్రంతా నానబెట్టి, పాత మల్లు గుడ్డలో వడగట్టి, చిటికెడు నీల్, కాస్త జిగురు కలిపి గోడలకి కొట్టేవాళ్ళు. ఏ రంగు వెయ్యాలన్న సవాల్ ఎవరికీ వచ్చేది కాదు. చునా అంటే తెలుపే.

ఇప్పుడు దుకాణానికి పోతే పెళ్ళి ఆల్బమంత షేడ్ కార్డు చేతిలో పెడతారు. డిస్టెంపర్, ఎకానమీ ఎమల్షన్, ప్రీమియం, లగ్జరీ అంటూ ఒకదాని మీద ఒకటి. డబ్బాలన్నీ ఒకేలా ఉంటాయి, ధరలు మాత్రం ఆస్మాన్ జమీన్ తేడా.

ఈసారి మా ఇంట్లో ఆ ఎంపిక నా మీద పడింది. షవ్వాల్‌లో నా భతీజీ నిఖా. దమ్మాంలో ఏసీలు బాగుచేసే మా తమ్ముడు రంగులకోసమని విడిగా డబ్బు పంపాడు. “ఆపా, సబ్‌సే మెహెంగా వాలా డాలో. సమ్ధీ వాళ్ళు వచ్చినప్పుడు గోడలు అద్దంలా మెరవాలి” అన్నాడు. అమ్మీ మాట వేరు. “నా కమ్రాలో ఆ వాసన రంగులొద్దు బేటీ, చునా చాలు.” అమ్మీకి దమ్మా. కొత్త రంగు వాసన తగిలితే చాలు, ఇన్‌హేలర్ తలగడ కింద పెట్టుకోవాలి. ఒక పక్క ఎండలో నిలబడి తమ్ముడు సంపాదించిన అమానత్, ఇంకో పక్క అమ్మీ ఊపిరి. రెండింటికీ జవాబు చెప్పుకోవలసింది నేనే.

అందుకే ముందు డబ్బాలో ఏముంటుందో తెలుసుకున్నా. ఏ గోడ రంగులోనైనా ప్రధానంగా నాలుగు సరుకులుంటాయి. రంగునిచ్చే పొడి, చిక్కదనం కోసం కలిపే సుద్దలాంటి పొడి, వీటన్నిటినీ గోడకి పట్టి ఉంచే జిగురు, పలచన చెయ్యడానికి నీళ్ళు. ఎమల్షన్‌లో ఆ జిగురు యాక్రిలిక్ లాంటి రెజిన్. తెల్లదనం, కింది మచ్చలు కనపడకుండా కప్పే గుణం టైటానియం డయాక్సైడ్ అనే పొడి వల్ల వస్తాయి. ఖరీదైనవి ఈ రెండే. చవక రంగులో ఇవి తగ్గి సుద్ద పెరుగుతుంది. అరచేత్తో గోడని రుద్దితే తెల్లగా పొడి అంటుకుందంటే జిగురు చాలలేదనే అర్థం. తడిగుడ్డతో తుడిస్తే మరకతోపాటు రంగు కూడా వచ్చేస్తుంది. మూడు కోట్లు వేసినా కింది మచ్చ కనపడే చవక రంగు కన్నా, రెండు కోట్లతో కప్పేసే మంచి రంగు చివరికి కిఫాయత్‌గా తేలవచ్చు. కూలీ కూడా కోటుకి ఇంత అని లెక్క కదా.

అలాగని అన్ని గోడలకీ లగ్జరీ రంగు కొట్టించడం ఇస్రాఫ్. ఏ గోడ దగ్గర ఏం జరుగుతుందో చూసుకుని రంగు ఎంచుకోవాలి. మన ఇళ్ళ సంగతి మనకి తెలిసిందే. దస్తర్‌ఖాన్ పరిచేవైపు గోడకి నేల నుంచి రెండు మూడు అడుగుల దాకా పిల్లల చేతుల సాలన్ మరకలు. దావత్ రోజు గోడకి ఆనుకుని కూర్చునే బుజుర్గుల తలనూనె మరకలు ఆ పైన. వజూ చేసే పంపు దగ్గర రోజుకి ఐదుసార్లు నీళ్ళ చిందులు. జుమేరాత్ సాయంత్రం లోబాన్ పొగ పట్టి నల్లబడే పైకప్పు. బావర్చీఖానాలో బగార్ ఆవిరి. ఇవన్నీ ఒకే రకం రంగుతో తీరే తకాజాలు కావు.

దస్తర్‌ఖాన్ వేసే దాలాన్‌కి, బావర్చీఖానాకి కడిగితే పోని మంచి ఎమల్షన్ తీసుకున్నా, కొంచెం మెరుపున్నది. మెరుపు ఎక్కువుంటే మరక తేలిగ్గా తుడుచుకుపోతుంది. కానీ గోడ ఎత్తుపల్లాలన్నీ ట్యూబ్‌లైట్ వెలుగులో ఎత్తి చూపిస్తుంది. మా పాత గోడలు చేత్తో మెత్తినవి, నున్నగా ఉండవు. అందుకే అద్దంలా మెరిసేది వద్దనుకున్నా. పైకప్పుకి మెరుపు లేని తెల్ల ఎమల్షన్, ఎకానమీ రకం చాలు. దాన్ని ఎవరూ ముట్టుకోరు, రెండేళ్ళకోసారి లోబాన్ మసి పట్టగానే మళ్ళీ కొట్టించుకోవచ్చు. వజూ పంపు వెనక మాత్రం ఏ రంగూ నిలవదు. అక్కడ మూడడుగులు టైల్స్ వేయించా.

కొలత సంగతి కూడా చెప్పాలి, దుకాణంలో అంతా అందాజుగా చెబుతారు. 12 అడుగులు, 10 అడుగుల గది, 10 అడుగుల ఎత్తు అనుకోండి. నాలుగు గోడలు కలిపి 440 చదరపు అడుగులు. తలుపు, కిటికీ తీసేస్తే 400 మిగులుతుంది. లీటరు రెండు కోట్లకి ఎన్ని చదరపు అడుగులు వస్తుందో డబ్బా మీదో కంపెనీ కాగితంలోనో ఉంటుంది. 130 అని ఉంటే ఆ గదికి మూడు లీటర్ల పైచిలుకు. అది నున్నటి గోడ లెక్క. గరుకు గోడ ఇంకొంచెం తాగుతుంది. ఒక గదికి కావలసిందంతా ఒకే బ్యాచ్ నంబర్‌లో తీసుకోండి, తయారీ తేదీ చూడండి. షేడ్ కోడ్ ఒక కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోండి. రేపు చిన్న గీత పడితే అదే రంగు మళ్ళీ కలిపించుకోవచ్చు.

మేస్త్రి గురించి రెండు మాటలు. మాకు దొరికినవాడు పనిమంతుడే. కానీ అతను పేరు పెట్టి చెప్పిన డబ్బా ఎందుకు చెబుతున్నాడో కూడా ఆలోచించాలి. కొన్ని డబ్బాల్లో పెయింటర్ల కోసం టోకెన్లు ఉంటాయి. అది వాళ్ళ కష్టానికి దొరికే హక్కే అనుకోండి, నాకేం అభ్యంతరం లేదు, టోకెన్ తీసుకోమన్నా. అయితే డబ్బా నా ముందే తెరవాలి, నీళ్ళు డబ్బా మీద రాసినంతే కలపాలి, ఒక కోటు పూర్తిగా ఆరాకే రెండోది వెయ్యాలి అని మొదటి రోజే మాట తీసుకున్నా. మంచి రంగైనా నీళ్ళు ఎక్కువైతే డిస్టెంపర్ కన్నా అన్యాయమైపోతుంది.

పాత సున్నం గోడ మీద నేరుగా ఎమల్షన్ వేయించొద్దు. సున్నం పొడి మీద రంగు పట్టు నిలవదు, నెలల్లోనే పెచ్చులుగా లేస్తుంది. గీకి, దులిపి, ప్రైమర్ వేసి, పుట్టీ పెట్టి, మళ్ళీ ప్రైమర్ వేశాకే రంగు. మా ఖర్చులో సగం ఈ కనపడని పనికే పోయింది. తమ్ముడికి వీడియో కాల్‌లో చూపిస్తే “ఇంకా రంగే మొదలుపెట్టలేదా ఆపా?” అని ఒకటే తొందర.

తలుపులు గీకేటప్పుడు మాత్రం జాగ్రత్త. పాత ఆయిల్ పెయింట్లలో సీసం ఉండేది. మన దేశంలో ఇళ్ళకి వేసే రంగుల్లో సీసం పదిలక్షల భాగాల్లో 90 భాగాలకి మించకూడదని 2016లో నియమం తెచ్చారు. అది 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగులో ఎంతుందో చూసి చెప్పలేం. సీసం పిల్లల మెదడుకి చేటు. అందుకే మా తలుపులకి పొడి ఇసుక కాగితం పట్టనివ్వలేదు. తడిపి రుద్దించి, ఆ మురికిని ఊడ్వకుండా తడిగుడ్డతో ఎత్తించి, పిల్లల్ని రెండు రోజులు ఖాలా ఇంటికి పంపేశాం.

ఇక అమ్మీ గది. మాది కర్నూలు పాతబస్తీ. 2009 అక్టోబరు వరదలో ఆ గది నిండా నీళ్ళు నిలిచాయి. నీళ్ళు పోయాయి కానీ గోడ మరిచిపోలేదు. పడమటి గోడకి నేల నుంచి మూడడుగుల దాకా తెల్లటి ఉప్పు పొంగుతూనే ఉంటుంది. అమ్మీ జానిమాజ్ పరుచుకునేది ఆ గోడవైపే. తమ్ముడు పంపిన డబ్బుతో అక్కడ వాటర్‌ప్రూఫ్ అని పేరున్న ఖరీదైన రంగు కొట్టేస్తే సరిపోతుందని అందరూ అన్నారు. కానీ గోడలో చెమ్మ ఉన్నంతకాలం పైన ప్లాస్టిక్‌లాంటి పొర వేస్తే ఆ చెమ్మ బయటికి రాలేదు. పొర వెనకే ఉప్పు పేరుకుని రంగుని తోసేస్తుంది, లేదా తడి ఇంకా పైకి పాకుతుంది. బూజు పడుతుంది. దమ్మా ఉన్న మనిషికి బూజు పట్టిన గది రంగు వాసన కన్నా నయమేం కాదు.

అందుకని ముందు చెమ్మ ఎక్కడిదో వెతికాం. గోడ బయట మోరీ పగిలి ఉంది. దాన్ని కట్టించి, ఉప్పు పట్టిన పాత గచ్చు కొట్టేయించి, గోడని కొన్ని వారాలు అలా నగ్నంగా ఎండనిచ్చాం. తర్వాత సున్నం గచ్చు, దాని మీద చునా. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువుని పీల్చుకుని మళ్ళీ రాయిలా గట్టిపడుతుంది. అయినా గోడని ఊపిరి పీల్చనిస్తుంది. దాని క్షారగుణం బూజుని తొందరగా పట్టనివ్వదు. పచ్చి సున్నం కళ్ళకి, చర్మానికి మంట కాబట్టి అమ్మీని అన్ని రోజులూ దాలాన్‌లోనే పడుకోబెట్టాం.

తమ్ముడికి చెప్పడమే కష్టమైంది. “నేనిక్కడ ఇంత కష్టపడి పంపితే అమ్మీ గదికి చునానా? లోగ్ క్యా కహేంగే?” అన్నాడు. వాడి బాధ నాకు తెలుసు. అమ్మీ దగ్గర ఉండలేకపోతున్నవాడు కనీసం ఖరీదైన రంగులోనైనా ఉండాలనుకున్నాడు. “అరే ఛోటా, నీ డబ్బు మోరీలో, గచ్చులో ఉంది. కనపడదు కానీ అమ్మీ రోజూ దాన్నే పీల్చుకుంటుంది” అన్నా. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “తాఖ్‌ని మాత్రం మూసెయ్యకండి, నేను సిపారా పెట్టుకునేది అందులోనే” అన్నాడు. మూసెయ్యలేదు.

రంగుల పేర్ల దగ్గర అమ్మీ అందరినీ నవ్వించింది. షేడ్ కార్డులో ఉన్న అంగ్రేజీ పేర్లు పక్కన పెట్టి, వేలు పెట్టి తన పేర్లు చెప్పింది. ఇది బాదామీ, ఇది మోతియా, ఇది అంగూరీ, ఇది ప్యాజీ, ఇది ఫిరోజీ. మన ఇల్లంటే పచ్చ రంగే అనుకునేవాళ్ళకి ఆ జాబితా వినిపించాలి. దాలాన్‌కి బాదామీ, భతీజీ గదికి ప్యాజీ అని తేల్చాం. మీరూ కార్డులో చిన్న ముక్క చూసి తీర్పు ఇవ్వకండి. చిన్న డబ్బా తెచ్చి గోడ మీద రెండడుగుల మేర వేసి, ఫజ్ర్ తర్వాత ఒకసారి, జుహర్ వేళ ఒకసారి, ఇషా తర్వాత లైటు వేసి ఒకసారి చూడండి. దుకాణంలో కనపడిన బాదామీ మా దాలాన్‌లో సాయంత్రానికి పసుపైపోయింది. ఒక మెట్టు లేతది తీసుకున్నాం.

ఎమల్షన్ వేసిన గదుల్లో కూడా వాసన తక్కువుండే రకమే తీసుకున్నాం. డబ్బా మీద వీఓసీ తక్కువ అని ఉంటుంది చూడండి. అంటే గాలిలోకి ఆవిరయ్యే రసాయనాలు తక్కువని. అయినా కిటికీలు తెరిచి ఉంచి, వారం రోజులు ఆగాకే సామాను సర్దాం. ఇంట్లో దమ్మా ఉన్నవాళ్ళు, గర్భిణీలు, పసిపిల్లలు ఉంటే ఈ వారం చాలా అవసరం. రంజాన్ ముందురోజు రంగు ముగించుకుని అదే రాత్రి సెహ్రీకి ఆ గదిలో కూర్చోవద్దు.

సమ్ధీ వాళ్ళు వచ్చి చూసి వెళ్ళారు. గోడల గురించి ఎవరూ ఏమీ అనలేదు, బిర్యానీ గురించే మాట్లాడుకున్నారు. అమ్మీ గోడ మొదటి వానాకాలం ఇంకా చూడాల్సి ఉంది. ఉప్పు మళ్ళీ కాస్త పొంగినా బ్రష్‌తో దులిపి ఇంకో పూత చునా వేస్తే సరి, కుండలో ఇంకా మిగిలే ఉంది. అమ్మీ మాత్రం ఇన్‌హేలర్‌ని తలగడ కింద నుంచి తీసి తాఖ్‌లో పెట్టుకుంది. అల్‌హందులిల్లా.